కొండల్లో ఛాతీ ఎక్స్‌రే: చేయవలసినవి - చేయకూడనివి

ఊపిరితిత్తులను కప్పుతూ రెండు పలుచటి పొరలుంటాయి. వాటిని ప్లూరా అంటారు. వాటి మధ్య ఉండే ద్రవం రెండు మూడు చెంచాలకు మించదు. టీబీ సోకితే అక్కడే నీరు చేరవచ్చు. కేంద్రం 2024 డిసెంబర్ 7న వంద రోజుల టీబీ ప్రచారం మొదలుపెట్టాక, చేత్తో మోసుకెళ్లే ఎక్స్‌రే యంత్రాల వాడకం పెరిగింది. అరకు, పాడేరు కొండల్లో శిబిరం పెట్టే సిబ్బంది కోసం ఈ జాగ్రత్తలు.

చేయవలసినవి

వీలైనంతవరకు నిలబెట్టే తీయండి. నిలబడితే నీరు కిందికి దిగి ఊపిరితిత్తి అడుగు మూల మూసుకుపోయినట్టు కనిపిస్తుంది. అదైనా సుమారు 200 మి.లీ. చేరితేనే. పడుకోబెడితే నీరు వీపు వెంట పరుచుకుని ఛాతీ కాస్త మసకగా కనిపిస్తుంది, అంతే. డోలీలో మోసుకొచ్చిన మనిషిని కనీసం కూర్చోబెట్టండి.

గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టమని కువి, ఆదివాసీ ఒడియా భాషలు వచ్చిన ఆశా కార్యకర్త చేత చెప్పించండి, ముందు ఆమె చేసి చూపాలి. కదిలితే మళ్లీ తీయాలి, మళ్లీ రేడియేషన్.

కంటెలు, పూసలు, తాయెత్తులు తీయించి ఇంటివాళ్ల చేతికే ఇవ్వండి. ఆడవాళ్లకు చాటు తప్పనిసరి. గర్భవతా అని పక్కకు పిలిచి అడగండి. అవునంటే డాక్టరు చెప్పాకే తీయాలి.

చేయకూడనివి

అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) లైసెన్సు లేని యంత్రాన్ని ముట్టుకోవద్దు. తడిక గోడ, టెంటు గుడ్డ ఎక్స్‌రేను ఆపవు. అవతల జనం కూర్చున్న వైపు గురిపెట్టకండి. దూరం రెట్టింపైతే మోతాదు నాలుగో వంతుకు పడిపోతుంది, అందుకే వరుసను దూరంగా కూర్చోబెట్టండి. లెడ్ ఏప్రాన్‌ను మడతపెట్టొద్దు, లోపలి పొర పగిలినా పైకి తెలియదు. ఒంటికి తగిలిన రేడియేషన్‌ను కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి ఒకరిది మరొకరు పెట్టుకోవద్దు. పిల్లల్ని సిబ్బంది పట్టుకోకూడదు. ఇంటివాళ్లలో గర్భవతి కానివారు ఏప్రాన్ కట్టుకుని పట్టుకోవాలి.

భయపడి వెనుదిరిగేవారిని అలాగే పంపేయకండి. ఒక ఛాతీ ఎక్స్‌రే మోతాదు సుమారు 0.02 మిల్లీసీవర్ట్, ప్రకృతి నుంచే మనిషికి ఏడాదికి సగటున 2.4 అందుతుంది. రోజంతా యంత్రం పట్టుకునేవారి లెక్క వేరు, పై నియమాలు ముఖ్యంగా వారి కోసమే.

నీరు కనిపించగానే టీబీ అని తేల్చకండి, తెమడ, నీటి పరీక్షలు జరగాలి. ఫలితం మాత్రం ఆ పూటే చెప్పి పంపండి. మళ్లీ కొండ దిగి రమ్మంటే చాలామంది రాలేరు.