పట్టా విలువ

పాఠ్యాంశ ఉద్దేశం

ఉన్నత విద్యను ఎన్నుకొనే వేళ అభిరుచితో పాటు ఆదాయ వ్యయాలను కూడా తూచి చూడవలసిన ఆవశ్యకతను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠ్యాంశ ఉద్దేశం.

పాఠం

హైదరాబాదు నుండి ముంబాయి వైపు సాగే జాతీయ రహదారి మీద రామచంద్రాపురం, పటాన్‌చెరు, సంగారెడ్డి వరుసగా ఎదురవుతాయి. రామచంద్రాపురంలోని బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం, 1972లో పటాన్‌చెరులో నెలకొన్న ఇక్రిశాట్, బొల్లారం, పాశమైలారంలలోని ఔషధ పరిశ్రమలు ఈ నేల రూపురేఖలను మార్చివేశాయి. పొలం విడిచి వచ్చిన ఎన్నో కుటుంబాలకు ఈ పరిశ్రమలే అన్నం పెట్టాయి.

పరిశ్రమలు ఉన్నచోట ప్రమాదాలూ ఉంటాయి. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ కర్మాగారంలో సంభవించిన పేలుడు పదుల సంఖ్యలో కార్మికులను బలిగొన్నది. అట్టి విపత్తులో వైద్యుని హస్తం ఎంత అవసరమో, పడకలు సిద్ధం చేయించి, రక్తం తెప్పించి, పేర్లు నమోదు చేయించి, బంధువులకు సమాధానం చెప్పగల పరిపాలకుని బుద్ధీ అంతే అవసరం. ఈ పనికి శిక్షణ ఇచ్చేదే ఆసుపత్రి పరిపాలనా విద్య.

మన దేశంలో ఈ విద్య కొత్తది కాదు. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ 1966లోనే ఇందులో స్నాతకోత్తర విద్యను ప్రారంభించింది. హైదరాబాదులో నిమ్స్ వంటి సంస్థలు దీనిని బోధిస్తున్నాయి. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకం వల్ల చికిత్సకు ముందస్తు అనుమతి కోరడం, పత్రాలు సమర్పించడం, బిల్లులు రాబట్టడం ఆసుపత్రులలో నిత్యకృత్యాలయ్యాయి. 2022లో సంగారెడ్డిలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. కావున ఈ విద్య నేర్చినవారికి పని ఉన్నదనడంలో సందేహం లేదు. అయితే పని ఉండడం వేరు, పెట్టిన ఖర్చుకు తగిన ఫలితం ఉండడం వేరు.

ఒక కార్మికుని కుమార్తెను ఊహించుకుందాం. ఆమె బి.ఎస్సి. పూర్తిచేసి, పాశమైలారంలోని ఒక పరిశ్రమ ప్రయోగశాలలో నెలకు 18,000 రూపాయల వేతనానికి పనిచేస్తున్నది. ఉద్యోగం మాని, రెండేళ్ళ ఆసుపత్రి పరిపాలనా కోర్సులో చేరాలని ఆమె కోరిక. బిడ్డ చదువుకై స్వగ్రామంలో మిగిలిన ఒక్క ఎకరం పొలాన్ని అమ్మడానికి తండ్రి సిద్ధపడ్డాడు.

రెండేళ్ళ రుసుము 4 లక్షలు అనుకుంటే, తండ్రి దృష్టిలో ఖర్చు అంతే. కాని లెక్క అక్కడితో ముగియదు. ప్రయాణాలకు, పుస్తకాలకు 80,000 అవుతుందనుకుందాం. రెండేళ్ళపాటు వదులుకొన్న వేతనం 4,32,000 రూపాయలు. ఆర్థికశాస్త్రం దీనిని అవకాశ వ్యయం అంటుంది. రుసుము కోసం యేటా 2 లక్షల చొప్పున నూటికి పది వడ్డీకి అప్పు తెస్తే, చదువు ముగిసిన యేడాదికి బారువడ్డీయే లక్ష రూపాయలు. వెరసి 10,12,000 రూపాయలు. కంటికి కనిపించిన ఖర్చుకు ఇది రెండున్నర రెట్లు!

ఇక ఆదాయం. పట్టా పొందిన పిదప నెలకు 25,000 వస్తుందనుకుందాం. ఈ మొత్తాన్ని చదువు తెచ్చిన లాభంగా భావించడం పొరపాటు. పాత ఉద్యోగంలోనే ఉంటే ఆ నాటికి 20,000 వచ్చి ఉండేది. కావున అసలు లాభం 5,000 మాత్రమే. ఆ లెక్కన ఖర్చు తిరిగి రావడానికి దాదాపు 17 ఏళ్ళు పడుతుంది. వ్యత్యాసం 12,000కు పెరిగితే ఏడేళ్ళు చాలు.

ఇందులో మరొక సూక్ష్మమున్నది. 2017 జనవరిలో అమలులోకి వచ్చిన పరిమితి ప్రకారం నెలకు 21,000 రూపాయల లోపు వేతనం గలవారికే ఇ.ఎస్.ఐ. వర్తిస్తుంది. 18,000 వేతనానికి ఆమె వాటా 135 రూపాయలు, యజమాని వాటా 585 రూపాయలు. ఈ స్వల్ప మొత్తానికే ఆమెకు, ఆమెపై ఆధారపడిన కుటుంబానికి వైద్యం లభిస్తున్నది. వేతనం పరిమితిని దాటితే ఆ అండ తొలగుతుంది. వేరొక ఆరోగ్య బీమాకు చెల్లించే సొమ్మును కూడా కొత్త వేతనంలో నుండి తీసివేయాలి.

ఈ గణితం చదువు వద్దని చెప్పదు. ఏ షరతుల మీద చదవాలో చెబుతుంది. ఆ పట్టాకు విశ్వవిద్యాలయ గుర్తింపు ఉన్నదా? శిక్షణ ఏ ఆసుపత్రిలో, ఎన్ని నెలలు? నిరుడు ఉత్తీర్ణులైన వారిలో ఎక్కువమందికి లభించిన వేతనమెంత? ప్రకటనలలో కనిపించే అత్యధిక వేతనం ఒక్కరిది. తనకు దక్కేది సాధారణంగా నలుగురికీ దక్కేదే. ఈ ప్రశ్నలను కళాశాల వారినే కాక, అక్కడ చదివి ఉద్యోగాలు చేస్తున్నవారిని కూడా అడగాలి.

పొలం విషయంలోనూ తొందర తగదు. బ్యాంకుల నమూనా విద్యారుణ పథకం ప్రకారం 4 లక్షల వరకు ఆస్తి తాకట్టు లేకుండానే, తల్లిదండ్రుల ఉమ్మడి బాధ్యతపై రుణం లభిస్తుంది. చదువు ముగిసిన యేడాది వరకు వాయిదాలకు గడువుంటుంది. వడ్డీ మాత్రం ఆగదు. అమ్మిన నేల తిరిగి రాదు. తెచ్చిన అప్పు కష్టపడితే తీరుతుంది. కాగితంపై ఈ లెక్క వేసి తండ్రి ఎదుట ఉంచగలిగిన నాడు, ఆమె పరిపాలనా విద్యలో తొలి పాఠం నేర్చినట్లే.

కఠిన పదాలకు అర్థాలు

నిత్యకృత్యం = ప్రతిదినం చేసే పని
బారువడ్డీ = అసలుపై మాత్రమే లెక్కించే వడ్డీ
వెరసి = మొత్తం కలిపి
స్నాతకోత్తర విద్య = డిగ్రీ తరువాతి చదువు

అభ్యాసం

1. అవకాశ వ్యయం అనగానేమి? పాఠంలోని ఉదాహరణతో వివరించండి.
2. వేతనం పెరిగినా కార్మిక కుటుంబానికి కలిగే నష్టమేమి?
3. ‘అమ్మిన నేల తిరిగి రాదు’ – ఈ వాక్యంలోని ఆంతర్యాన్ని వివరించండి.
4. మీరు చేరదలచిన కోర్సుకు ఆదాయ వ్యయాల పట్టిక తయారుచేయండి.