నీడ మాయమయ్యే వేళ

వేసవి శిబిరంలో ఈత, చిత్రలేఖనం, మట్టిబొమ్మలు నేర్పుతారు గదా! ఖర్చులేని ఈ ప్రయోగాన్ని కూడా చేర్చుకోండి.

చదునైన నేలపై మూరెడు కర్రను నిటారుగా పాతండి. రాయి కట్టిన దారంతో సరిచూడండి. పదకొండున్నర నుంచి ఐదు నిమిషాలకొకసారి నీడ కొసన గుర్తు పెట్టండి.

మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడని రోజూ అంటాం. హైదరాబాదులో అది నిజమయ్యేది ఏడాదికి రెండు రోజులే: మే 9 ప్రాంతంలో, ఆగస్టు మొదటి వారంలో. మే నెలలో ఆ రోజున పగలు 12 గంటల 12 నిమిషాలకు నీడ కర్ర కిందే దాగిపోతుంది!

కారణం? భూమి అక్షం 23½ డిగ్రీలు వాలి ఉండటమే. అందువల్ల ఎండ నిట్టనిలువుగా పడే చోటు కర్కట, మకర రేఖల నడుమ జరుగుతూ ఉంటుంది. ఢిల్లీ కర్కటరేఖకు ఉత్తరాన ఉంది. అక్కడ నీడ ఏనాడూ మాయం కాదు.

సూర్యుని వంక చూడకండి, నీడనే చూడండి. మీ ఊరిలో ఆ రోజు ఏది? కర్రనే అడగండి.