సందేహము – సౌఖ్యము: ఇమామ్ గజాలీ చూపిన మార్గము

హైటెక్ సిటీలోని సైబర్ టవర్స్ భవనము 1998లో ప్రారంభమైనది. అటుపిమ్మట మాదాపూరు మొదలు గచ్చిబౌలి వరకు వెలసిన కార్యాలయములలో ‘టెస్టింగు’ అను ఉద్యోగమొకటి కలదు. ప్రోగ్రాము సరిగా నున్నదని నమ్మక, అందలి తప్పులను వెదకుటయే ఆ ఉద్యోగి పని. సందేహించుటకు జీతమిచ్చు ఈ ఉద్యోగమును మన విద్యార్థులలో పలువురు కోరుచున్నారు. తన జ్ఞానమునే ఇట్లు పరీక్షించుకొన్న ఒక మహనీయుని గూర్చి వారు తెలిసికొనవలెనని మా అభిలాష.

ఇమామ్ గజాలీ 1058లో ఇరాను దేశమందలి తూస్ ప్రాంతమున జన్మించిరి. 1091లో బాగ్దాదు నగరపు నిజామియా విద్యాలయమున ఆచార్యులైరి. ‘అల్ మున్కిజ్’ అను గ్రంథమున వారు తమ సందేహములను దాచక వ్రాసిరి. నీడ కదలుట లేదని కన్ను చెప్పును; కొంతసేపైన పిదప చూచిన అది జరిగియుండును. నక్షత్రము నాణెమంత కనబడును. అది భూమికంటె పెద్దదని గణితము నిరూపించును. కంటి పొరపాటును బుద్ధి దిద్దినది. బుద్ధియే పొరపడిన దానిని దిద్దునది యేది? ఈ ప్రశ్న వారిని సుమారు రెండు మాసములు వేధించెను. తుదకు తర్కముచేత గాక, దైవము హృదయమున నింపిన వెలుగుచేతనే తమకు స్వస్థత చేకూరినదని వారు చెప్పిరి. ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్ ఇట్టి సందేహముతో తన గ్రంథమును 1641లో వెలువరించెను. గజాలీ అంతకు ఐదు శతాబ్దులకు పూర్వులు.

1095లో వారికి మరియొక పరీక్ష ఎదురయ్యెను. తాము బోధించుచున్నది దైవము కొరకా, కీర్తి కొరకా అని తమ్ము తామే ప్రశ్నించుకొనిరి. పాఠము చెప్పబోగా నోట మాట రాలేదు. ఆ సంవత్సరముననే పదవిని విడిచి బాగ్దాదు వీడిరి. తరువాత పారశీకమున ‘కీమియాయె సఆదత్’ రచించిరి. తన్ను తాను తెలియుట, దైవమును తెలియుట, ఇహమును తెలియుట, పరమును తెలియుట – ఈ నాలుగింటిని అందు సౌఖ్యమునకు పునాదిగా నిలిపిరి. వారు 1111లో పరమపదించిరి.

ఇవి చదివిన మాకు ఒక లజ్జాకరమైన సంగతి జ్ఞప్తికి వచ్చినది. తరగతిలో ఒక విద్యార్థిని ఒక పదమునకు వ్యుత్పత్తి నడుగగా, మేము నిశ్చయముగా నెరుగకయే సమాధానము చెప్పితిమి. ఆ రాత్రి నిఘంటువు తెరచి చూడగా మా మాట తప్పని తేలినది. దానిని ఒప్పుకొనుటకు మూడు దినములు జంకితిమి. అప్పటికే మా తప్పు ఆమె నోటుపుస్తకమున సిరాతో స్థిరపడియుండెను. ఎరుగకపోవుట దోషము కాదు. ఎరుగనిదానిని ఎరిగినట్లు నటించుటయే మూర్ఖత.

నేడు కృత్రిమ మేధ క్షణములో జవాబిచ్చుచున్నది. తప్పు జవాబును సైతము అంతే ధీమాతో ఇచ్చుచున్నది. కావున విద్యార్థులారా! యంత్రమును పరీక్షింపుడు, గురువును ప్రశ్నింపుడు. అన్నిటికంటె ముందు మిమ్ము మీరు ప్రశ్నించుకొనుడు. ‘నాకు తెలియదు’ అని వెరవక పలుకగలిగిన నాడు చదువు ప్రారంభమగును. మనస్సునకు నెమ్మది కలుగును. ఆ మాట పలుకుట మేమును ఇంకను అభ్యసించుచునే యున్నాము.