తెర మీద మిర్చి బేరం: ఏ రకం ఏమిటో కొనేవారికి తెలియాలి

గుంటూరు మిర్చి యార్డులో బేరం కుదరడానికి ఎక్కువ మాటలు అక్కరలేదు. "తేజ డీలక్స్, నాన్ ఏసీ" అని కమీషన్ ఏజెంటు అన్నాడంటే చాలు, కొనుగోలుదారు టిక్కీలోంచి నాలుగు కాయలు తీసి, విరిచి, రంగు చూసి, గింజ చూసి ధర చెప్పేస్తాడు. ఇద్దరి భాషా ఒకటే, ఇద్దరి కళ్ళ ముందూ సరకు ఉన్నది. అదే కాయ ఇప్పుడు పావు కిలో, అర కిలో పొట్లాలుగా సెల్‌ఫోన్ తెర మీద కూడా అమ్ముడవుతున్నది. చిక్కల్లా అక్కడే వస్తున్నది. అవతల ఉన్నది హైదరాబాదులో ఒక గృహిణి కావచ్చు, బెంగుళూరులో గది తీసుకుని వండుకు తింటున్న ఉద్యోగి కావచ్చు. కాయ విరిచి చూసే వీలు వారికి లేదు. అడుగుదామంటే అంగట్లో మనిషి లేడు.

ఆన్‌లైన్ అమ్మకాలలోకి దిగిన వర్తకులు కొందరు యార్డు ధారణల పట్టీనే ఉన్నదున్నట్టు తెర మీదికి ఎక్కించడం కద్దు. తేజ, 334, 341, నంబర్ 5, బాడిగ 355 అంటూ పేర్లు, పక్కన డీలక్స్, బెస్ట్, మీడియం. ఏసీ సరకు అంటే శీతల గిడ్డంగిలో నిలవ ఉంచినదని యార్డులో హమాలీని అడిగినా చెబుతాడు. ఇంట్లో వారికి ఏసీ అంటే గోడకు బిగించే యంత్రం. "నాన్ ఏసీ మిర్చి" అని చదివిన ఇల్లాలు ఏమనుకోవాలి? ఏమీ అనుకోదు, పేజీ మూసివేస్తుంది. లేదా ఏదో ఒకటి నొక్కి, తీరా పొట్లం వచ్చాక కూర నోట పెట్టలేకపోతున్నామని తిప్పి పంపుతుంది. రెండోదే వర్తకునికి ఎక్కువ నష్టం. కిలో పొట్లం మీద 60 రూపాయలు మిగులుతున్నాయనీ, రానుపోను రవాణాకు 140 రూపాయలు అవుతున్నాయనీ అనుకుంటే, ఒక పొట్లం తిరిగి వస్తే రెండు అమ్మకాల లాభం పోయినా ఖర్చు పూడదు. విప్పిన కారం పొట్లాన్ని మరొకరికి అమ్మే వీలు ఎలాగూ ఉండదు.

కొట్టులో అడిగే ప్రశ్నలు

ఈ విషయంలో నేర్చుకోవలసింది పాత కిరాణా కొట్టు నుంచే. "ఆవకాయకా అమ్మా, కూరల్లోకా? కారం బాగా తింటారా, తక్కువా? కాయ ఇవ్వనా, పొడా? ఎంత కట్టమంటారు?" ముందు వాడకం, తర్వాత ఘాటు, ఆ తర్వాత రూపం, చివర తూకం. కొనేవారి మనసులో నిర్ణయం జరిగే వరుస కూడా ఇదే. తెర మీది పేజీలు పెక్కు దీనిని తలక్రిందులు చేస్తున్నాయి. మొదట తూకం అడుగుతాయి, పిదప ఒక పట్టీ తెరిచి అందులో రకాల పేర్లు పరుస్తాయి. వాడకం మాట ఎక్కడా రాదు.

పేర్లు తీసివేయమని కాదు. తెలిసి అడిగేవారూ ఉంటారు, పేరు ఉండవలసిందే. దాని పక్కన ఇంటివారికి అర్థమయ్యే ఒక మాట ఉంటే చాలు. ఘాటును కొలిచే స్కోవిల్ మానం 1912 నుంచి వాడుకలో ఉన్నది. ఆ లెక్కన తేజ సుమారు 75 వేల నుంచి లక్ష వరకు, గుంటూరు సన్నం 35 వేల నుంచి 40 వేల వరకు, కర్ణాటకలోని హావేరి జిల్లా బ్యాడగి కాయ 8 వేల నుంచి 15 వేల వరకు తూగుతాయి. ఎగుమతిదారుకు ఈ అంకెలు కావాలి. వంటింటికి మాత్రం "తేజ: ఘాటు చాలా ఎక్కువ, రోజూ వేసే కారంలో సగం చాలు" అన్న ముక్కే ఎక్కువ పనిచేస్తుంది. "బ్యాడగి: రంగు బాగా వస్తుంది, కారం తక్కువ" అని వ్రాస్తే పిల్లలున్న ఇంటివారు అదే ఎంచుకుంటారు. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటా కాయదీ ఇదే దారి. దాని విలువంతా రంగులోనే గాని ఘాటులో లేదు. ఆ మాట చెప్పకుండా తేజ పక్కన నిలబెడితే కారం లేని కాయ అంటగట్టారన్న నింద తప్పదు.

బాడిగ విషయంలో మరికొంత జాగ్రత్త అవసరం. బాడిగ పేరుతో గుంటూరు యార్డుకు వచ్చే 355 వంటి రకాలు, హావేరి నుంచి వచ్చే అసలు బ్యాడగి ఒకటి కావు. యార్డులో ఈ తేడా అందరికీ తెలిసిందే కాబట్టి పేచీ రాదు. తెర మీద రెండింటినీ ఒకే మీట కింద పెడితే అది తప్పు చూపడమే అవుతుంది. సన్నం, బ్యాడగి రెండూ భౌగోళిక గుర్తింపు పొందిన పేర్లన్న సంగతి కూడా మరువరాదు.

నూట ఇరవై మీటలు

ఇక ఎన్ని రకాలు చూపాలన్న ప్రశ్న. నాలుగు రకాల కాయలు, తొడిమతో ఒకటి, తొడిమ తీసి ఒకటి, రూపాలు మూడు (కాయ, ముక్క, పొడి), తూకాలు అయిదు అనుకుంటే మొత్తం 120 జోడింపులు తేలతాయి. ఇందులో చాలా భాగం అర్థం లేనివి. పొడికి తొడిమ ప్రశ్న ఎందుకు? "పొడి" నొక్కగానే తొడిమ వరుస మాయం కావాలి. అది ఒక్కటి చేసినా 120 కాస్తా 100కు దిగుతుంది. అయిదు తూకాల బదులు మూడు చాలనుకుంటే 60. తొడిమ తీసిన కాయే అమ్మదలచుకున్నవారికి 36 మిగులుతాయి.

ఎక్కువ రకాలు చూపితే అమ్మకం తగ్గుతుందని చెప్పడానికి అమెరికాలో షీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్ 2000లో ప్రచురించిన జామ్ సీసాల పరీక్షను తరచు ఉదాహరిస్తారు. 24 రకాలు పెట్టినప్పుడు ఆగి చూసినవారిలో 3 శాతం, ఆరు రకాలు పెట్టినప్పుడు 30 శాతం కొన్నారు. అయితే తర్వాత జరిగిన పరీక్షలు అన్నీ ఆ దారిన నడవలేదు. 2010లో అటువంటి పరీక్షలను కలిపి చూసిన పరిశీలనలో సగటున ప్రభావం దాదాపు సున్నా అని తేలింది. కనుక రకాలు ఎక్కువైనంత మాత్రాన భయపడనక్కరలేదు. ఒకదానికీ మరొకదానికీ తేడా తెలియకపోవడమే అసలు బెడద.

రకం మారితే బొమ్మ కూడా మారాలి. తేజ సన్నగా, పొట్టిగా ఉంటుంది, బ్యాడగి ముడతలు పడి ఉంటుంది, చపాటా టమాటాలా గుండ్రంగా ఉంటుంది. ఏది నొక్కినా అదే ఎర్రటి గుట్ట కనిపిస్తే బొమ్మ ఉండీ ప్రయోజనం లేదు. ఇంకొక చెడ్డ అలవాటు కూడా ఉన్నది. బొమ్మలో కిలో పొట్లం, కింద ధర 100 గ్రాములది. చవక అని నొక్కినవారికి రెండో అడుగులోనే నమ్మకం పోతుంది.

తూకం, ధర, రవాణా

పెద్ద పొట్లం ఎప్పుడూ చవక అని జనం నమ్మకం. 200 గ్రాములు 90, 500 గ్రాములు 210, కిలో 430 రూపాయలు అని పెట్టారనుకుందాం. వంద గ్రాములకు అవి వరుసగా 45, 42, 43 రూపాయలు పడుతున్నాయి. అంటే కిలో కన్నా అర కిలో పొట్లాలు రెండు కొనడం మేలు. లెక్క వేసి చూసినవారు మళ్ళీ ఆ అంగడికి రారు. పొట్లం మీద ఉండవలసిన వివరాలను ఆన్‌లైన్ అంగడిలోనూ చూపాలన్న నిబంధన 2018 జనవరి 1 నుంచి ఉన్నది. 2021లో ప్రకటించిన సవరణ ప్రకారం కిలోకు లోపైతే గ్రాము ధర, కిలోకు మించితే కిలో ధర తెలపాలి. గ్రాముకు 45 పైసలు అంటే వంటింటికి ఒక పట్టాన బోధపడదు. చట్టం కోరిన అంకె వేసి, పక్కనే వంద గ్రాముల ధర కూడా వేయడం తెలివైన పని.

రవాణా ఖర్చు రూపాన్ని బట్టి మారుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చించి 5,000తో భాగించి వచ్చిన బరువుకు చాలా కొరియర్ సంస్థలు చార్జీ వేస్తాయి. కిలో కాయ 35, 25, 20 కొలతల పెట్టెలో పడితే చార్జీ మూడున్నర కిలోలకు. కిలో పొడికి ఆ బాధ లేదు. ఈ తేడాను చివరి మెట్టులో, డబ్బు కట్టే ముందు బయటపెట్టడం తగదు. 2023 నవంబరు 30న కేంద్రం ప్రకటించిన మార్గదర్శకాలు తప్పుపట్టిన 13 రకాల ఎత్తుగడల్లో ధరను విడతలుగా బయటపెట్టడం ఒకటి. కొనేవారు అడగనిది బుట్టలో చేర్చడం మరొకటి. ముందే టిక్కు పెట్టిన గడులతో సమ్మతి తీసుకోరాదని 2020 నాటి నిబంధనలే చెప్పాయి.

సరకు అయిపోయినప్పుడు ఏం చేయాలన్నది మిగిలింది. తేజ నిండుకుంటే దగ్గరి రకం మరొకటి కట్టి పంపడం యార్డులో మాట అనుకుని చేసే సర్దుబాటు కావచ్చు. తెర మీద అది ఒకటి చూపి వేరొకటి అంటగట్టడం, పై మార్గదర్శకాలలో అదీ ఉన్నది. మీటను తీసివేయడం కూడా మంచిది కాదు, ఆ రకం అక్కడ దొరకదనే అనుకుంటారు. మీటను అలాగే ఉంచి, రంగు తగ్గించి, "ప్రస్తుతం లేదు" అని వేయాలి. కొత్త కాయ రాబడి జనవరి, ఫిబ్రవరి నెలల నుంచి జోరందుకుంటుంది కాబట్టి ఆ మాట కూడా అక్కడే వేయవచ్చు.