పాకలో పసివాడు కనబడాలి



ఆగమన కాలం వచ్చిందంటే మన విచారణలలో యువకులు వెదురుబొంగులు, గోనెసంచులు, రంగు కాగితాలు పట్టుకొని పశువుల పాక పనిలో పడతారు. పోటీలు కూడ పెడుతుంటాము. ఈ వారం ఆ పని గురించే నాలుగు మాటలు.

కొన్నేళ్ళ క్రితం నేను సేవచేసిన ఒక విచారణలో పాక బ్రహ్మాండంగా కుదిరిందని అందరము మురిసిపోయాము. కొండ, వాగు, తిరిగే గాలిమర, కొండ చుట్టూ బొమ్మ రైలు, ఆరి వెలిగే దీపాల తోరణాలు. నడిరేయి పూజ తరువాత, కళ్ళలో శుక్లాలున్న ఒక ముసలమ్మ దాని ముందు చాలసేపు నిలబడి, "బాలయేసు ఏడున్నడు ఫాదర్?" అని అడిగింది. చూపించబోయి, ఒక్క క్షణం నేనూ వెదుక్కున్నాను. తప్పు ఆమె కళ్ళది కాదు. ఆ ఏర్పాటుకు సరేనన్నది నేనే.

చూడదగినది ఏది చేసినా సమతుల్యం, ప్రాధాన్యం, చలనం అనే మూడు చూసుకోవాలని చిత్రకారులు చెబుతారు. సెమినరీలో మేము చదువుకున్న పునీత తోమాసు అక్వినాసుగారు కూడ అందానికి మూడు లక్షణాలు చెప్పారు: సమగ్రత, పొందిక, తేజస్సు. అది అలా ఉంచి, మన ఓరుగల్లులోనే పాఠాలున్నాయి, అవి చూద్దాం.

కోట నడుమ నాలుగు దిక్కులా నిలిచిన కాకతీయుల రాతి తోరణాలు మీరెరిగినవే. గుడి కూలిపోయినా అవి నిలిచాయి. ఆ తోరణం బొమ్మను కాగితం మీద గీసి నడిమికి మడిస్తే కుడి ఎడమలు ఒకదానిమీద ఒకటి సరిపోతాయి. గంభీరంగా ఉండవలసిన చోట, అంటే బలిపీఠం దగ్గర, ఇటువంటి సమతుల్యమే తగును. పాకకు మాత్రం కావడి లెక్క పనికివస్తుంది. కావడిలో ఒక కుండ బరువైతే మోసేవాడు భుజాన్ని అటు జరుపుకుంటాడు. తేలిక కుండ భుజానికి దూరమవుతుంది, బద్ద నిలుస్తుంది. కంటికి కూడ బరువులుంటాయి. పెద్ద వస్తువు, ముదురు రంగు, వెలిగే దీపం బరువైనవి. కొండను తొట్టికి దగ్గరగా పెడితే, రెండో వైపు దూరంగా ఒంటరి కాపరి ఒక్కడు చాలు. అటు ఇంకో కొండ అక్కరలేదు.

అసలు చిక్కు ప్రాధాన్యంలో ఉన్నది. పాకలోని మనుష్యులందరిలో చిన్న బొమ్మ బాలయేసుదే. కథంతా ఆయనదే! చిన్నదానిని ముఖ్యమైనదిగా చూపించడమెట్లా? పాత వరంగల్ జిల్లాలో ఉండి, 2016 నుండి సిద్దిపేట జిల్లాలోనున్న చేర్యాలలో నకాషీ చిత్రకారులు కథల పటాలకు వెనుక ఎర్రరంగు నింపుతారు. ఆ ఎరుపు మీద పసుపు, నీలం బొమ్మలు దూరానికి కూడ విడిగా తెలుస్తాయి. తొట్టి వెనుక ముదురు గుడ్డ కట్టండి. చుట్టూ జానెడు చోటు ఖాళీగా వదలండి. కదలని దీపం ఒక్కటి, బల్బు కనబడకుండా, తొట్టి మీద పడనివ్వండి. ఆరి వెలిగే దీపాలను గుడి గోడలకు పంపించండి. పెండ్లి పందిట్లో పదిమంది మైకు పట్టుకుంటే ఎవరి మాటా వినబడదు కదా.

బలిపీఠానికీ ఇదే వర్తిస్తుంది. పూలు బల్లమీద కాక దాని చుట్టూ, మితంగా ఉండాలని పూజా నియమాలే చెబుతున్నాయి. మా దండ ముందుండాలి, మీ దండ వెనుకుండాలి అని పట్టుబట్టే కుటుంబాలు దీనిని దయచేసి గమనించవలెను.

ఇక చలనం. చలనమంటే రైలు తిరగడమని మా కుర్రవాళ్ళు అనుకున్నారు. 1213 నాటి శాసనమున్న పాలంపేట రామప్ప గుడి 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అక్కడ చూరు కింద వాలుగా నిలిచిన నల్లరాతి మదనికలను చూడండి. రాయి కదలదు. ఒంటి వంపు వెంబడి మన చూపే పైకి పాకుతుంది. పాకలో ఆ పని చూపులు చేయాలి. మరియతల్లి, జోజప్పగారు, కాపరులు జనంవైపు కాక పసివానివైపు చూడాలి. గొర్రెలను ఏటవాలు బాటలో తొట్టివైపు నడిపించండి. ముగ్గురు జ్ఞానులను మొదటి రోజే తొట్టి దగ్గర నిలబెట్టకండి. వాకిలి దగ్గర మొదలుపెట్టి, వారి పండుగనాటికి చేరేటట్లు, రోజూ కొంచెం జరిపే పని పిల్లలకప్పగించండి.

1223లో గ్రేచియోలో పునీత ఫ్రాన్సిసువారు పాక ఏర్పాటు చేసినప్పుడు ఎండుగడ్డి, ఎద్దు, గాడిద ఉన్నాయి. జనానికి అవే చాలాయి.

పని అయ్యాక దీపాలు వెలిగించి, గుడి వాకిట నిలబడి కళ్ళు సగం మూసి చూడండి. చిన్నవన్నీ మసకబారి, బరువైనదే మిగులుతుంది. ఆ మిగిలినది తొట్టి కాకపోతే దీపం జరపండి, లేదా ఏదైనా తీసివేయండి. రైలు తీసివేయమంటే పిల్లలు అలుగుతారు. దానిని ఉపదేశిగారి కిటికీలో తిప్పుకోనివ్వండి.