సీలు కిట్ల బేరం: పేరు కాదు, కొలత చూడాలి

2016లో మండల కేంద్రమైన ఏర్గట్ల నుంచి లోడరు యజమాని సీలు కిట్టుకై నిజామాబాదు వచ్చి, సరిపడనిది తీసికొనిపోతే ఒకరోజు కిరాయి పోతుంది. విప్పి వాపసు తెచ్చిన కిట్టు వర్తకునికి మూలసరుకే. కనుక యంత్రం పేరు వినగానే కిట్టు ఇవ్వరాదు.

ఒకే పట్టాల లోడరులో చేతులెత్తే సిలిండరుకు, బకెట్టు వంచే సిలిండరుకు కిట్లు వేరుగా ఉండవచ్చు. ముందు సిలిండరుపై పార్టు నంబరు చూడాలి. అది చెరిగిపోతే రాడ్డు మందం, సిలిండరు లోపలి వ్యాసం, సీలు కూర్చునే గాడి వెడల్పు, లోతు కొలవాలి. పాత సీలు అరిగి ఉంటుంది గనుక దాని కొలతను నమ్మరాదు. 2 అంగుళాల రాడ్డంటే 50.8 మిల్లీమీటర్లు, 50 మిల్లీమీటర్ల సీలు దానికి పనికిరాదు.

రకమూ ముఖ్యమే. నైట్రైల్ రబ్బరు సుమారు 100 డిగ్రీల సెల్సియస్ వేడి వరకు ఆగుతుంది. పాలీయురిథేన్ రాపిడికి బాగా నిలుస్తుంది. రబ్బరు నిల్వను ఎండ తగలనీయక, పాత సరుకు ముందుగా అమ్మాలి.

రాడ్డుపై గీతలుంటే కొత్త సీలూ త్వరలోనే కారుతుంది. అమ్మకానికి ముందే ఆ సంగతి అడిగిన వర్తకునికి వాపసు తగాదాలు తగ్గుతాయి.