పచ్చనిదంతయు కర్బనము కాదు

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలలో తెలుగు మాటలాడు ఇండ్లయందు పుట్టి పెరిగి, డిగ్రీ చేతికి వచ్చినంతనే బెంగుళూరు సాఫ్ట్‌వేరు కొలువు దక్క వేఱొక త్రోవ లేదని తలపోయు యువజనులు గమనింపదగిన వృత్తి యొకటి నేడు రూపుదాల్చుచున్నది. అది, నేలయు, చెట్టును, పైరును గాలినుండి ఎంత కర్బనమును గ్రహించి ఎంత మరల విడుచుచున్నవో లెక్కించు గణిత నమూనాలను ఉపగ్రహ సమాచారముతో సరిదిద్దు వృత్తి.

కర్బనపు లెక్క ఈ సీమకు క్రొత్తది గాదు. బాగేపల్లిలో అడాట్స్ సంస్థయు కూలి సంఘమును చేపట్టిన 5,500 గోబరుగ్యాసు యూనిట్ల పథకము 2005లోనే ఐక్యరాజ్యసమితివారి స్వచ్ఛాభివృద్ధి విధానము క్రింద నమోదయినది. పల్లెటింట కట్టెలపొయ్యి ఆరినందువలన గాలికి ఎంత మేలు కలిగెనో తేల్చవలెనన్న, ఆ కట్టె మరల చిగిర్చెడు చెట్టుదా, నానాటికి తరుగు గుట్టలమీది పొదలదా యని ముందుగా తెలియవలెను; 1972 నుండి లాండ్‌శాట్ ఉపగ్రహములు తీసిన, 2008 నుండి సర్వులకును ఉచితమైన చిత్రములు ఇందుకు సాక్ష్యమీయగలవు.

అయితే ఆ సాక్షి చూచినదెల్ల సరిగా గ్రహించునని నమ్మరాదు. సాధారణముగా నమూనా ఆకు గ్రహించిన వెలుతురును కొలిచి, వేడిమికిని నీటి ఎద్దడికిని తగినట్లు తగ్గించి, కర్బనపు రాబడిని నిర్ణయించును. శిడ్లఘట్ట సంతకు పట్టుగూళ్ళు పంపు రైతు, బోరునీటితో పెంచిన మల్బరీ తోటను ఏటికి పలుమారులు కొమ్మలతో సహా కోసి పురుగులకు మేపును. కోత సంగతి యెఱుగని నమూనా, హఠాత్తుగా పచ్చదనము మాయమగుట చూచి, తోట కరవుపాలైనదని లెక్కవ్రాయును. మోడిస్ అను ఉపగ్రహసాధనపు చిత్రములలో ఒక్కొక్క చదరము సుమారు 500 మీటర్లుండుటచే, రాగిచేను, నీలగిరితోపు, బండగుట్ట, ఎండిన చెఱువు ఒకే సంఖ్యలో కలిసిపోవుటయు కద్దు. వేసవిలో చెఱువు లోపల పచ్చగా నిలుచు సర్కారుతుమ్మను, పాతకాలపు చింతతోపును పచ్చదనము మాత్రమే చూచి వేఱుచేయుట దుర్ఘటము. ఈ తప్పులను ముందుగా పట్టగలవాడు పొలముగట్టు నెఱిగినవాడే యని నా దృఢాభిప్రాయము.

2025 జూలై 30న శ్రీహరికోటనుండి ఎగసిన నిసార్ ఉపగ్రహము ఈ కొఱతను కొంత తీర్చును: సుమారు 24 సెంటీమీటర్ల పొడవుగల దాని రేడియో తరంగములు ఆకుల సందున చొరబడి, కొమ్మలకును మ్రాకులకును తగిలి తిరిగివచ్చును. దట్టమైన అడవిలో ఈ చూపు మందగించును గాని, చెట్లు పలుచగా నుండు మన మెట్టసీమకు బాగుగా నప్పును. నేలతడి మాత్రము దానిని తికమకపెట్టును. కావుననే చెట్టు చుట్టుకొలతను 1.37 మీటర్ల ఎత్తున టేపుతో కొలిచి, తరంగము చెప్పినదానితో పోల్చువారు కావలసియున్నారు.

వ్యవసాయము, వృక్షశాస్త్రము, భూగోళము, గణితము, ఏది చదివినను ఇందు ప్రవేశము కలదు. చింతామణి పట్టుపరిశ్రమ కళాశాల విద్యార్థులకు మల్బరీ కోతను గూర్చి ఒకరు చెప్పనక్కఱలేదు. డెహ్రాడూనులోని భారతీయ దూరసంవేదన సంస్థ ఎం.టెక్. బోధింపగా, పట్టా నొసగునది ఆంధ్ర విశ్వవిద్యాలయము. 2022 నుండి గేట్ పరీక్షలో జియోమాటిక్స్ ప్రత్యేక పత్రముగా నున్నది. పరిశోధనకు హైదరాబాదున జాతీయ దూరసంవేదన కేంద్రము కలదు. వారము దినముల శిక్షణకు యోగ్యతాపత్రములు అమ్ము దుకాణముల జోలికి పోక, ముందు సంఖ్యాశాస్త్రము, పిదప పైథాన్, ఉచితముగా దొరకు క్యూజీఐఎస్ అను పటముల సాఫ్ట్‌వేరు నేర్చుట మేలు. ఆపై మీ యూరి తోపు నొకదానిని ఎన్నుకొని, చెట్ల చుట్టుకొలతలు వ్రాసికొని, 10 మీటర్ల వివరముగల సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రములతో ఏడాది పొడవునా సరిపోల్చి, రెండును ఎచ్చట పొసగలేదో, ఏల పొసగలేదో నాలుగు పుటలలో వ్రాయుడు. కొలువుకు దరఖాస్తు పంపునపుడు ఆ పుటలను జతపఱచుడు.